మాత్ర వేసుకున్నావా?

ఆ లాండ్రీలో ఆమెను అందరూ సైరన్ అనేవాళ్ళు. చాటుగా కాదు, ముఖం మీదే. ఆమె పలికేది కూడా. ఆసుపత్రులకూ లాడ్జీలకూ దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్ళు ఉతికిచ్చే పెద్ద షెడ్డు అది. ఉతికే యంత్రాలు, ఆరబెట్టే డ్రమ్ములు, మధ్యలో దుప్పట్లు ఇస్త్రీ చేసే రోలర్ మెషిను, అన్నీ ఒక్కసారి తిరగడం మొదలుపెడితే పక్కమనిషి తుమ్మినా వినపడదు. అలాంటి చోట ఈ గోడ నుంచి ఆ గోడదాకా వినపడే గొంతు ఒక్కటే ఉండేది. "ఆ ట్రాలీ దారికి అడ్డం తియ్యండ్రా!" అని ఆమె అరిస్తే, బయట లారీలో కూర్చున్న డ్రైవరు కూడా తననేనేమో అనుకుని బండి పక్కకు తీసేవాడు.

ఆమెకు కోపం ముక్కు మీదే ఉండేది, నిజమే. కాదని ఎవరన్నారు? కాని ఆ కోపం మీద చాలామంది హాయిగా బతికారు, అది కూడా చెప్పుకోవాలి. సబ్బునీళ్ళు కాళ్ళకింద నిలిచి జారిపడుతుంటే ఎవరూ నోరు మెదపరు. "సైరనక్కా, నువ్వు అడుగు" అంటారు. ఫ్యాను తిరగకపోతే "నువ్వు అడుగు". ఆవిరి గొట్టం కారుతుంటే "నువ్వు అడుగు". ఆమె మేనేజరు గదిలోకెళ్ళి నాలుగు దులిపి వస్తే సాయంత్రానికల్లా మెకానిక్ వచ్చేవాడు. ఆ తర్వాత అందరూ కలిసి "అబ్బ, ఏం నోరమ్మా!" అని నవ్వుకునేవాళ్ళు. ఆ నోటి పుణ్యమా అని తిరుగుతున్న ఫ్యాను కిందే నిలబడి నవ్వుకునేవాళ్ళు.

ఇంట్లోనూ ఇదే వరస. భర్త తాళాలు బాగుచేస్తాడు. బజారు మలుపులో చిన్న డబ్బా కొట్టు. ఎవరి తాళమైనా చిటికెలో తెరుస్తాడు గాని తన నోరు మాత్రం తెరవడని ఆమే ఎగతాళి చేసేది. ఇంటి ఓనరుతో పేచీ వచ్చినా, పైవాటా వాళ్ళతో మాట వచ్చినా, "నువ్వు మాట్లాడు, నావల్ల కాదు" అని చెప్పుల్లో కాళ్ళు పెట్టుకునేవాడు. అతని చెల్లెలు వాళ్ళతోనే ఉంటుంది. ఆ ఆడపడుచుకీ లాండ్రీలోనే పని, రోలర్ మెషిన్‌కు దుప్పట్లు అందించడం. అన్నాచెల్లెళ్ళిద్దరూ ఒకే అచ్చులో పోసినట్టుంటారు, నోట్లో నాలుక లేని మనుషులు. వీళ్ళు కాక కాలేజీకెళ్ళే కూతురొకతె. ఇంతే కుటుంబం. వీళ్ళందరి తరఫునా కోప్పడే పని ఆమెది. ఎవరు అప్పగించారో తెలియదు, ఎప్పుడు దింపుతారో తెలియదు.

ఆ రోలర్ మెషిన్ సంగతి ఇప్పుడే చెప్పేస్తాను, లేకపోతే ముందు ముందు తికమకపడతారు. ఇద్దరు మనుషులు తడి దుప్పటిని చెరో కొసా పట్టుకుని లోపలికి అందిస్తారు. సలసలా కాలే రోలర్ల మధ్య నుంచి అది అటువైపు పొడిగా, చదునుగా బయటికొస్తుంది. అక్కడ ఇంకో మనిషి అందుకుని మడతపెడుతుంది. లోపలికి అందించేవైపు, రోలర్లకు కాస్త ముందు, అడ్డంగా ఒక కడ్డీ ఉంటుంది. చెయ్యి పొరపాటున ముందుకెళ్ళి దానికి తగిలిందా, మెషిన్ టక్కున ఆగిపోతుంది. వేళ్ళను కాపాడేది అదే. కాని దానికి వేలేదో, ముడతపడ్డ అంచేదో తెలియదు పాపం. కాస్త మందంగా తగిలింది ఏదైనా సరే, ఆపేస్తుంది. ఆగినప్పుడల్లా అటువైపు మనిషి వచ్చి మీట తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. ప్రతిదానికీ అడ్డం తగులుతుందని ఆ కడ్డీకి అక్కడి ఆడవాళ్ళు 'అత్తగారు' అని పేరు పెట్టారు. "అత్తగారు మళ్ళీ అలిగింది" అంటే మెషిన్ ఆగిందని. అలకలు మరీ ఎక్కువైతే సైరన్ వెళ్ళి అరిచేది, మెకానిక్ వచ్చి కడ్డీని సరిచేసి వెళ్ళేవాడు.

సరే. ఆ కోపం ఎప్పుడు హద్దు దాటిందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఎప్పుడో మొదలైంది. చల్లటి రోజుల్లో కూడా ఒళ్ళంతా సెగలు, చెమటలు. కడుపునిండా తింటున్నా బట్టలు రోజురోజుకీ వదులైపోయాయి. గుండె ఎవరో వెంటపడి తరుముతున్నట్టు కొట్టుకునేది. పడుకుంటే నిద్ర పట్టదు, లేస్తే నిలబడే ఓపిక ఉండదు. గలీబు మడిస్తే రెండంచులూ కలిసేవి కావు, చేతులు అలా వణికేవి. అంత నీరసంలోనూ కోపం మాత్రం తగ్గలేదు సరికదా, పెరిగింది. మెల్లగా నడిచేవాళ్ళను చూస్తే కోపం, నమిలే చప్పుడు వింటే కోపం, "ఎలా ఉన్నావు" అని అడిగినా కోపం. అరిచాక గంటసేపు ఒళ్ళు నొప్పులు. విసుగొచ్చేసింది ఆమెకు, అందరికంటే ముందు తన మీదే.

ఒకరోజు కూతురు ఫోన్లో మాట్లాడుతూ చెయ్యి తగిలి మంచినీళ్ళు ఒలకబోసింది. అంతే. ఆమె చేతిలోని స్టీలు గ్లాసు గాల్లోకి లేచింది. ఆ పిల్ల చెవి పక్కనుంచి వెళ్ళి గోడకు కొట్టుకుని, సొట్టపడి, దొర్లుకుంటూ వచ్చి ఆమె కాళ్ళ దగ్గరే ఆగింది. కూతురు ఏడవలేదు, ఎదురు మాట్లాడలేదు. గ్లాసు తీసి బల్లమీద పెట్టి, గుడ్డ తెచ్చి నీళ్ళు తుడిచింది, తల్లివైపు ఓరగా చూసుకుంటూ. కరిచే కుక్క పక్కనుంచి వెళ్ళేటప్పుడు మనం చూస్తామే, అలా. లాండ్రీలో ఎంతమంది భయపడినా ఆమెకు ఎన్నడూ పట్టలేదు గాని, కన్నబిడ్డ అలా చూసేసరికి ప్రాణం చచ్చిపోయింది. మర్నాడే భర్తను వెంటబెట్టుకుని ఆసుపత్రికి వెళ్ళింది.

డాక్టరమ్మ అప్పటికే పొద్దున్నుంచీ రోగులను చూసి చూసి వాడిపోయి ఉంది. గొంతు తడిమింది, కళ్ళు చూసింది. చేతులు ముందుకు చాచమని, చాచిన వేళ్ళ మీద ఒక తెల్లకాగితం పెట్టింది. కాగితం రెపరెపలాడింది. సైరన్ తలెత్తి చూసింది, ఫ్యాను తిరగడం లేదు.

"కోపం ఎక్కువగా వస్తోందా అమ్మా?"

"కోపం రానివాళ్ళు ఎవరున్నారు మేడమ్? మా ఆయన తప్ప."

డాక్టరమ్మ నవ్వి, రక్తపరీక్షలు రాసింది. అవి వచ్చాక మళ్ళీ పిలిచి, గొంతు దగ్గరున్న థైరాయిడ్ గ్రంథి అడ్డూ ఆపూ లేకుండా పనిచేస్తోందని చెప్పింది. దాని హార్మోన్ రక్తంలో బాగా ఎక్కువైందట. ఒళ్ళంతా ఎప్పుడూ పరుగు మీదున్నట్టే ఉండేది అందుకేనట.

"దానికీ నా కోపానికీ ఏం సంబంధం మేడమ్?"

"ఉందమ్మా. తలలోపల బాదంగింజంత చోట్లు రెండుంటాయి, అటొకటి ఇటొకటి. ఏదైనా ఆపద కనపడితే ముందు ఉలిక్కిపడేది అవే. నుదుటి వెనకాల ఉన్న మెదడు 'ఆగు, చూద్దాం' అని సర్దిచెప్తుంది. మామూలుగా అయితే ఈ రెండూ ఎలాగో కాపురం చేసుకుంటూ పోతాయి. మీకు గుండెదడ, చెమటలు, నిద్ర లేదు. ఒళ్ళే అలా హడలిపోతూ ఉంటే ఆ ఉలికిపాటు ఎక్కువవుతుంది. నిద్ర లేకపోతే సర్దిచెప్పే భాగం నీరసపడుతుంది. ఇక ఆపేదెవరు?"

"అంటే మా అత్తగారు పనిచెయ్యట్లేదన్నమాట," అందామె.

డాక్టరమ్మకు అర్థం కాలేదు. మెషిన్ కడ్డీ సంగతి చెప్పాక కుర్చీలో వెనక్కి వాలి నవ్వింది. "అవునమ్మా, అంతే అనుకోండి."

"కొట్లాటలకు కారణం మగవాళ్ళ హార్మోన్లని అంటారు కదా?"

"అదీ ఎక్కువచేసి చెప్తారమ్మా. ఏ హార్మోనూ ఒక్కటే వచ్చి మనిషి చేత గ్లాసు విసిరించదు. నిద్ర, ఆకలి, భయం, పెరిగిన తీరు, ఎదురుగా ఏం జరుగుతోంది, అన్నీ కలుస్తాయి. హార్మోన్ మంట పెద్దది చేస్తుంది. మీకిది మాత్రలతో తగ్గుతుంది. టైము పడుతుంది, మానకుండా వేసుకోవాలి. కొన్నాళ్ళు పని మానేసి విశ్రాంతి తీసుకోండి. మనసుకు ఒత్తిడి లేకుండా చూసుకోండి."

ఆమెకు అక్కడే ఏడుపొచ్చేసింది. రోగం ఉందని కాదు, ఉన్నందుకు హాయిగా అనిపించి. తను పిశాచి కాదన్నమాట. గ్లాసు విసిరింది మాత్రం తనే, ఆ సంగతి ఆమె మరిచిపోలేదు. అయినా గుండెల మీద బరువు కాస్త జరిగినట్టయింది.

పక్కన కూర్చున్న భర్త ఇదంతా విన్నాడు. విన్నాడే గాని, అతని బుర్రకెక్కింది చివరి ముక్క ఒక్కటే. ఒత్తిడి లేకుండా చూసుకోవాలి. మంచివాడు, భార్యంటే ప్రాణం. ఆమెకు తెలియకుండా లాండ్రీకి వెళ్ళాడు. మేనేజరుకూ చెల్లెలికీ అక్కడున్న అందరికీ చెప్పాడు. "మీకు దణ్ణం పెడతాను. కోపం తెప్పించే సంగతులు ఏవీ ఆవిడ చెవిన వెయ్యకండి. ఏదన్నా ఉంటే మీలో మీరు సర్దుకోండి. ఆవిడ ఆరోగ్యం ముఖ్యం." జన్మలో నోరు తెరవని మనిషి ఒక్కసారి తెరిచాడు, అది కూడా ఇందుకు!

ఆమె కొన్ని వారాలు ఇంట్లోనే ఉంది. మొదట్లో ఏమీ తేడా తెలియలేదు. తర్వాత నిద్ర వచ్చింది. ఎలాంటి నిద్రనుకున్నారు! పొద్దున లేచి పళ్ళు తోముకుని మళ్ళీ పడుకునేది, మధ్యాహ్నం తిని మళ్ళీ పడుకునేది. ఏళ్ళ తరబడి అరువు పెట్టిన నిద్రంతా ఒక్కసారి ఇంటికొచ్చినట్టుంది. గుండె నెమ్మదించింది. చేతులు కుదురుకున్నాయి. ఒకరోజు కూతురు వచ్చి ఆమె పక్కలో పడుకుని ఫోన్ చూసుకుంది, అదివరకటిలా. ఆమె కదలకుండా పడుకుంది, కదిలితే లేచిపోతుందేమోనని.

బాగైపోయింది కదా, ఇంకేం కావాలి? మనుషులంటే అంత తేలికా!

మళ్ళీ లాండ్రీకి వెళ్ళిన రోజు మేనేజరు ఎదురొచ్చి కుర్చీ వేశాడు. "అక్కా, మీరు వెనక గదిలో కూర్చుని గలీబులు మడవండి చాలు. తేలిక పని." అందరూ ఎక్కడలేని ప్రేమ ఒలకబోశారు. కాళ్ళకింద నీళ్ళు నిలిచాయా అంటే లేదన్నారు, కాళ్ళు తడుపుకుని మరీ. టీ తెచ్చిచ్చేవాళ్ళు, నవ్వేవాళ్ళు, తలుపు దగ్గరగా వేసి వెళ్ళేవాళ్ళు. ఆమె లేచి రోలర్ వైపు అడుగు వేస్తే చాలు, ట్రాలీ తోసే అమ్మాయి ట్రాలీని ఇనపస్తంభానికి ఖంగుమని కొట్టేది. ఆమె అక్కడికెళ్ళేసరికి అందరూ బుద్ధిగా పనిచేస్తూ కనపడేవాళ్ళు. ఆమె పిచ్చిది కాదు. ఏదో దాస్తున్నారని తెలుస్తూనే ఉంది. ఆడపడుచును నిలదీసింది.

"ఏం లేదు వదినా. నువ్వేం మనసులో పెట్టుకోకు. మాత్ర వేసుకున్నావా?"

ఇదిగో, ఈ మాట. ఈ మాట ఆ ఇంట్లో ఎలా పుట్టిందో గాని కొత్తిమీర మొలిచినట్టు ఎక్కడ పడితే అక్కడ మొలిచింది. వంటింటి గోడకు పైవాటా వాళ్ళ నీళ్ళు కారుతున్నాయి. గోడ నల్లబడింది, స్విచ్చి పక్కదాకా తడి పాకింది. ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటుందని ఆమె భయం. "ఒకసారి పైకెళ్ళి చెప్పండి" అని భర్తను అడిగింది, మామూలు గొంతుతోనే. అతను ఆమె ముఖంలోకి జాలిగా చూశాడు.

"మాత్ర వేసుకున్నావా?"

"వేసుకున్నా గాని, గోడ సంగతి?"

"చూద్దాంలే. నువ్వు టెన్షన్ పడకు."

కూతురు కూడా అంతే. చెప్పకుండా ఆలస్యంగా వస్తే, ఎక్కడికెళ్ళావని అడిగితే, "అమ్మా, టాబ్లెట్ వేసుకున్నావా?" అదివరకు అరిస్తే భయపడి అయినా వినేవాళ్ళు. ఇప్పుడు నెమ్మదిగా చెప్తే జబ్బు మాట్లాడుతోందనుకుంటున్నారు. ఆమె ఏమన్నా మాత్రే సమాధానం. లోకంలో ఆమె కోప్పడదగ్గ సంగతంటూ ఇక ఒక్కటీ మిగల్లేదు కాబోలు!

తర్వాత పరీక్షకు వెళ్ళినప్పుడు ఈసారి ఒంటరిగానే వెళ్ళింది. అంతా మామూలుకొచ్చింది, మాత్రలు మాత్రం కొనసాగించమంది డాక్టరమ్మ. ఆమె లేవలేదు.

"మేడమ్, ఒకటడుగుతాను. ఇప్పుడు నాకు కోపం వస్తే అది నాదేనా, గ్రంథిదా?"

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "చేతులు వణుకుతున్నాయా? నిద్ర పడుతోందా?"

"బాగా పడుతోంది. వణుకు లేదు."

"అయితే మీదే అమ్మా. మందు ఇచ్చింది మిమ్మల్ని మీకు తిరిగివ్వడానికి. కోపమే రాకుండా చెయ్యడానికి కాదు. రావలసిన చోట రావాలి కదా."

ఆ మాట మనసులో మూటకట్టుకుని ఇంటికొచ్చింది. కాని ఎవరికి చెప్తుంది? చెప్పినా ఏమంటారో తెలుసు. అలిసిపోయింది. పోనీలే అనుకుంది. తన మాట తన మాటగా వినేవాళ్ళు ఒక్కరుంటే చాలనిపించింది, ఆ ఒక్కరూ దొరకలేదు. గొంతు తగ్గించుకుని, గలీబులు మడుచుకుంటూ, తలుపు వెనకాల కూర్చుంది.

అలా కూర్చున్న రోజుల్లోనే ఒక మధ్యాహ్నం గలీబులు అయిపోయాయి. ఇంకో మూట తెచ్చుకుందామని బయటికొచ్చింది. ట్రాలీ అమ్మాయి టీ తాగడానికి వెళ్ళింది కాబట్టి స్తంభం మోగలేదు. ఆమె రోలర్ దగ్గరికి వచ్చేసరికి మొదట కనపడింది కడ్డీ. దానికి రెండువైపులా చింపిన గలీబు పీలికలు చుట్టి, ఏది తగిలినా కదలకుండా, మెషిన్ ఆగకుండా, చట్రానికి బిగించి కట్టేశారు. పీలికలు మాసిపోయి నల్లగా ఉన్నాయి, నిన్నా మొన్నా కట్టినవి కావు. ఆమె పనిలోకి రాని వారాల్లో అత్తగారు మాటిమాటికీ అలిగింది. అరిచేవాళ్ళు లేరు. మెకానిక్ రాలేదు. ఉన్నవాళ్ళు సర్దుకున్నారు. ఆమె వచ్చాక, ఆమెకు కోపం రాకూడదు కాబట్టి, ఆమె అటు వచ్చినప్పుడల్లా స్తంభం మోగడమూ, దుప్పటి ఒకటి కడ్డీ మీద కప్పేయడమూ.

ఆమెకు కోపం రాబోయింది గాని అంత టైము లేదు. అప్పుడే అందిస్తున్న దుప్పటి అంచు ఆడపడుచు వేళ్ళకు మెలిపడింది. దుప్పటి లోపలికి పోతోంది, దాంతోపాటు చెయ్యీ పోతోంది. ఆడపడుచు నోరు తెరిచింది, మాట రాలేదు. రెండో కొస పట్టుకున్న మనిషి బిత్తరపోయి చూస్తోంది. ఆపే ఎర్రమీట అటువైపు ఉంది, అక్కడ మడతపెట్టే మనిషి వీపు తిప్పి నిలబడి ఉంది.

అరవబోతే గొంతు పలకలేదు. ఎన్ని వారాలైందో దాన్ని వాడి! ఒక బొంగురు చప్పుడు మాత్రం వచ్చింది. రెండోసారి ఊపిరి పీల్చుకుని అరిచింది.

"ఆపవే!"

షెడ్డు దద్దరిల్లింది. అటువైపు మనిషి వెనక్కి తిరిగి చూడలేదు. ఆ గొంతు వింటే ఎందుకని అడిగే అలవాటు అక్కడెవరికీ లేదు. మీట మీద ఒక్క చరుపు చరిచింది. మెషిన్ ఆగింది.

వేళ్ళు రోలర్‌ను ముట్టుకున్నాయి, నలగలేదు. కొసలన్నీ కాలి, చర్మం ఊడొచ్చింది. ఆమె ఆడపడుచును నడిపించుకెళ్ళి కుళాయి కింద చెయ్యి పెట్టి పట్టుకుంది. ఆడపడుచు వెక్కుతోంది. మేనేజరు పరుగెత్తుకుంటూ వచ్చి ముందు ఎవరితో మాట్లాడాడనుకున్నారు?

"అక్కా, అక్కా, మీరు కూర్చోండి. ఆవేశపడకండి. మాత్ర వేసుకున్నారా?"

ఆమె నీళ్ళు ధారగా పడేట్టు కుళాయి ఇంకాస్త తిప్పింది.

సాయంత్రం చేతికి కట్టుతో ఇంటికొచ్చాక ఆడపడుచు అంతా చెప్పేసింది. "నీకు కోపం వస్తుందని చెప్పలేదు వదినా. అన్నయ్య వద్దన్నాడు. నీ గుండెకు మంచిది కాదని..."

"కోపం రావాల్సిన సంగతే కదే అది!" అంది ఆమె. అరవలేదు. ఓపిక లేదు. భర్త గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అతనివైపు తిరిగింది. "నా చేతులు వణక్కూడదని దాని చెయ్యి కాల్చారు కదండీ."

 ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ మాత్ర సంగతి అడగలేదు.

మర్నాడు ఆమె వెనక గదికి వెళ్ళలేదు. తిన్నగా రోలర్ దగ్గరికెళ్ళింది. పీలికలు అలాగే ఉన్నాయి. ఆసుపత్రి దుప్పట్లు ఆగకూడదట, మెకానిక్ వచ్చేవారం వస్తాడట, అందాకా జాగ్రత్తగా చేసుకోవాలట. మేనేజరు దుప్పట్ల లెక్క కాగితం చేత్తో పట్టుకుని చెప్తున్నాడు, అందరూ తలలూపుతున్నారు. ఆడపడుచు చోట్లో ట్రాలీ అమ్మాయిని నిలబెట్టారు. ఆమె పీలిక ముడి మీద చెయ్యి వేసింది.

"అక్కా, మీ ఆరోగ్యం..." అన్నాడు మేనేజరు. "పొద్దున మాత్ర..."

"వేసుకున్నాను సార్. రాత్రి నిద్ర కూడా పట్టింది. ఆ చేతిలో కాగితం ఇలా ఇవ్వండి."

అయోమయంగా ఇచ్చాడు. ఆమె చెయ్యి ముందుకు చాచి, వేళ్ళ మీద కాగితం పరిచి, అందరికీ కనపడేట్టు నిలబడింది. మెషిన్లు ఇంకా మొదలుకాలేదు. షెడ్డంతా చూస్తోంది. కాగితం కదల్లేదు.

"చూశారుగా. ఇది జబ్బు కోపం కాదు. మాత్ర వేసుకున్నాక మిగిలిన కోపం. ఇది నాది. కడ్డీ విప్పి బాగుచేసేదాకా ఈ మెషిన్ తిరగడానికి వీల్లేదు."

గొంతు పెంచలేదు. మేనేజరు అటూ ఇటూ చూశాడు. మిగతావాళ్ళు ఆమెవైపు చూశారు, ఎప్పటిలాగే, ఇక ఆమె అరుస్తుంది, పని అయిపోతుందని. ఆ చూపులు చూసి ఆమెకు ఒక్కసారిగా నీరసం ముంచుకొచ్చింది. కాగితం తిరిగిచ్చేసి పక్కనున్న దుప్పట్ల మూట మీద కూర్చుంది.

"మీరూ కాస్త కోప్పడండే," అంది. "ఎన్నాళ్ళని నేనొక్కదాన్నే? ఒళ్ళు హూనమైపోయింది."

  తర్వాత అటువైపు మడతపెట్టే మనిషి, పనిలో చేరినప్పటినుంచీ 'ఊ' తప్ప ఇంకోమాట ఎరగని మనిషి, మెషిన్ పక్కకొచ్చి గొంతు సవరించుకుంది.

"మెకానిక్ వస్తేగాని నేను అందుకోను సార్."

  ట్రాలీ అమ్మాయి అందించే చోటునుంచి రెండడుగులు వెనక్కి జరిగింది. "నేనూ అందించను" అంది. ఆపైన అందరూ ఒకేసారి మొదలుపెట్టారు, నీళ్ళు నిలవడం దగ్గర్నుంచి ఫ్యానుదాకా. మేనేజరు ఫోన్ తీశాడు. వచ్చేవారం రావలసిన మెకానిక్ మధ్యాహ్నానికే వచ్చాడు. ఆమె మాత్రం మూట మీద కూర్చునే ఉంది, గోడకు ఆనుకుని, కళ్ళు మూసుకుని.

ఇంటికి వచ్చేసరికి భర్త కొట్టు మూసి ముందే వచ్చి ఉన్నాడు. వంటింట్లో ఆ నల్లబడ్డ గోడకేసి చూస్తూ నిలబడ్డాడు. ఆమె చెప్పులు విడిచి కుర్చీలో కూలబడింది. అతను బయటికి వెళ్ళాడు. మెట్లెక్కుతున్న చప్పుడు. పైవాటా తలుపు కొట్టిన చప్పుడు. ఆ తర్వాత వినపడింది ఒక గొంతు. ఎవరిదో ఆమెకు వెంటనే తెలియలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ వినలేదు మరి. "రేపటికల్లా గొట్టం బాగుచేయించకపోతే ఊరుకునేది లేదు! షాక్ కొట్టి మా ఇంట్లో ఎవరన్నా పోతే మీరిస్తారా మనిషిని?" కూతురు పుస్తకం మూసి గుమ్మంలోకి వచ్చింది. ఆడపడుచు కట్టుకట్టిన చేత్తోనే నోరు మూసుకుంది. తల్లీ కూతురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అతను దిగి వచ్చాడు. ముఖం కందిపోయింది. చెమటలు. గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె లేచి అతన్ని కూర్చోబెట్టి, చేతికందిన గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆ సొట్టపడ్డ గ్లాసే. అతని చెయ్యి వణికి సగం నీళ్ళు చొక్కా మీద పడ్డాయి.

"రేపు చేయిస్తానన్నారు," అన్నాడు. రొప్పుతున్నాడు. "ఏమిటే ఇది? గుండె బయటికొచ్చేట్టుంది. చేతులు చూడు."

"కోపం వస్తే అంతేనండీ. కాసేపు కూర్చోండి, అదే తగ్గుతుంది."

అతను తన చేతులకేసి చూసుకుంటూ కూర్చున్నాడు. తగ్గుతుందేమోనని చూశాడు, ఇంకా తగ్గలేదు. మెల్లగా తలెత్తి ఆమె ముఖంలోకి చూశాడు.

"నీకు రోజంతా ఇలాగే ఉండేదా?"

"రాత్రిళ్ళు కూడా," అంది ఆమె.